పీఆర్ మెడికల్: డాక్టర్‌ని ఎంచుకోవడం నుంచి తుది నిర్ణయం దాకా

పీఆర్ (వేరే దేశంలో శాశ్వతంగా ఉండే హక్కు) కోసం భాషా పరీక్ష స్కోరు మీద, అనుభవం లెటర్ల మీద నెలల తరబడి కసరత్తు చేసేవాళ్లు కూడా మెడికల్, అంటే వైద్య పరీక్ష దగ్గరికి వచ్చేసరికి 'ఒక పూటలో అయిపోయే పనే కదా' అని వదిలేస్తారు. షుగరో, పాత టీబీయో, ఆపరేషనో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎక్కడ రిజెక్ట్ అవుతుందోనని ముందునుంచే టెన్షన్ పడుతుంటారు. నిజానికి జబ్బు ఉండటం వేరు, జబ్బు వల్ల దరఖాస్తు ఆగిపోవడం వేరు. అదుపులో ఉన్న జబ్బును కాగితాలతో సహా చూపించినవాళ్లకు దారి దొరుకుతుంది. దాచిపెట్టినవాళ్లకు, తేదీలు చూసుకోనివాళ్లకే చిక్కులు వస్తాయి. ఈ మార్గదర్శి అంతా ఆ రెండు విషయాల చుట్టూనే ఉంటుంది. ఉదాహరణలు ఎక్కువగా కెనడా, ఆస్ట్రేలియా, అమెరికా, న్యూజిలాండ్ నియమాల నుంచి తీసుకున్నాను.

ముందుగా: వాళ్లు ఏం చూస్తున్నారో తెలుసుకోండి

ఇది మీరు ఎంత దృఢంగా ఉన్నారో తేల్చే పరీక్ష కాదు. ఇమిగ్రేషన్ అధికారులకు కావాల్సినవి మూడు ప్రశ్నలకు జవాబులు. ఈ మనిషి వల్ల ఇతరులకు అంటువ్యాధి సోకే ప్రమాదం ఉందా? మానసిక స్థితి వల్లగానీ, మత్తు పదార్థాల వాడకం వల్లగానీ ఇతరుల భద్రతకు ముప్పు ఉందా? ఈయన వైద్యానికి ప్రభుత్వం మీద మోయలేనంత ఖర్చు పడుతుందా?

మందులతో అదుపులో ఉన్న బీపీ, థైరాయిడ్, మామూలు షుగర్ సాధారణంగా ఈ మూడింటిలో దేనికీ అడ్డు కావు. కళ్లద్దాలు, ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక, అపెండిక్స్ ఆపరేషన్ మచ్చ గురించి అసలు ఆలోచించనక్కర్లేదు. టీబీ విషయంలో మాత్రం అన్ని దేశాలూ గట్టిగా ఉంటాయి. దాని గురించి కింద వివరంగా రాశాను.

ఖర్చు ప్రశ్నకు కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒక అంకె పెట్టుకున్నాయి. కెనడా 2018 జూన్ 1న తన పరిమితిని మూడు రెట్లు చేసింది. ప్రత్యేక విద్య లాంటి కొన్ని సేవలను లెక్క నుంచి తీసేసింది. ఆ పరిమితి ఏటా మారుతుంది. 2024లో అది ఏడాదికి 26,220 కెనడా డాలర్లు. ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి 86,000 ఆస్ట్రేలియా డాలర్లు, న్యూజిలాండ్‌లో 2022 సెప్టెంబర్ నుంచి 81,000 న్యూజిలాండ్ డాలర్లు. ఈ రెండు అంకెలు ఏడాదికి కాదు, సాధారణంగా అయిదేళ్ల ఖర్చుకు. మూడు దేశాలూ పాత పరిమితిని పెంచాయి, ఆ పెరుగుదల చిన్నది కాదు. పాత పరిమితి కింద తిరస్కరణకు గురైన ఎవరి కథో విని మీరు ఆశ వదులుకోవద్దు. కిడ్నీ డయాలిసిస్, చాలా ఖరీదైన మందులు, నిత్యం మరొకరి సాయం అవసరమయ్యే పరిస్థితులు ఇప్పటికీ లోతుగా పరిశీలిస్తారు.

హెచ్‌ఐవీ ఉందని అమెరికా వలసదారులను ఆపేసే నిబంధన 2010 జనవరి 4న రద్దయింది. కెనడా, ఆస్ట్రేలియాల్లో ఆ పరీక్ష ఇప్పటికీ చేస్తారు. ఫలితం పాజిటివ్ వచ్చినంత మాత్రాన దరఖాస్తు కొట్టేయరు. అక్కడ చూసేది చికిత్సకు అయ్యే ఖర్చును.

ఇంకో మాట. బ్రిటన్‌లో శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేటప్పుడు ఇలాంటి వైద్య పరీక్ష లేదు. కొన్ని దేశాల నుంచి ఆరు నెలలకు మించి ఉండటానికి వచ్చేవాళ్లు, వీసా దశలోనే టీబీ పరీక్ష సర్టిఫికెట్ ఇవ్వాలి. కాబట్టి ఎవరో చెప్పిన జాబితా పట్టుకుని పరుగెత్తకుండా, మీరు వెళ్లే దేశం, మీ వీసా రకం ఏం అడుగుతున్నాయో అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి.

డాక్టర్‌ని ఎంచుకోవడం

మీ ఫ్యామిలీ డాక్టర్ ఎంత పేరున్నవారైనా ఆయన రాసిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. ఆ దేశ ప్రభుత్వం గుర్తించిన డాక్టర్ దగ్గరే పరీక్ష జరగాలి. వీళ్లను ప్యానెల్ ఫిజీషియన్ అంటారు. అమెరికాలోనే ఉండి గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసేవాళ్లు సివిల్ సర్జన్ దగ్గరికి వెళ్లాలి. పేరులో సర్జన్ అని ఉన్నా అక్కడ ఆపరేషన్లేమీ ఉండవు, అది ఆ పరీక్షలు చేయడానికి అనుమతి పొందిన డాక్టర్ హోదా. ఆస్ట్రేలియాలోనే ఉన్నవాళ్లకు ఈ పరీక్షలు బూపా మెడికల్ వీసా సర్వీసెస్ చేస్తుంది.

ఒక దేశానికి గుర్తింపు ఉన్న క్లినిక్‌కు మరో దేశానికి ఉండాలని లేదు. పేరును అధికారిక జాబితాలో వెతికి, ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: మీ వీసా రకానికి పరీక్ష చేస్తారా, ఎక్స్‌రే, రక్త పరీక్ష అదే చోట అవుతాయా, ఫీజు ఎలా కట్టాలి, ఏమేం తెచ్చుకోవాలి. ఫీజు మీరే కట్టుకోవాలి, దరఖాస్తు తిరస్కరించినా అది తిరిగి రాదు. 'మా దగ్గర గ్యారెంటీగా పాస్ చేయిస్తాం' అని ఏజెంట్ ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ప్యానెల్ డాక్టర్ పరీక్ష చేసి వివరాలు పంపుతారు, అంతే. పాస్, ఫెయిల్ తేల్చేది ఆయన కాదు.

ఎప్పుడు చేయించుకోవాలి

తొందరపడ్డా, ఆలస్యం చేసినా నష్టమే. చాలా దేశాల్లో ఈ ఫలితాలు 12 నెలలే చెల్లుతాయి. మరీ ముందుగా చేయించుకుంటే ఫైలు తేలకముందే గడువు తీరి మళ్లీ చేయించుకోవాలి. ఆలస్యం చేస్తే దరఖాస్తు అసంపూర్తిగా ఉందని తిరిగొచ్చే ప్రమాదం ఉంది.

నైపుణ్యం ఉన్నవాళ్లను పాయింట్ల ఆధారంగా పీఆర్‌కు ఆహ్వానించే కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో 2025 ఆగస్టు 21 నుంచి నియమం మారింది. అంతకుముందు దరఖాస్తు పెట్టాక పిలుపు వచ్చేదాకా ఆగేవాళ్లు. ఇప్పుడు దరఖాస్తు పెట్టేలోపే పరీక్ష చేయించుకుని, క్లినిక్ ఇచ్చిన ఈమెడికల్ (క్లినిక్‌లు ఫలితాలు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) కాగితాన్ని రుజువుగా జతచేయాలి. ఆహ్వానం వచ్చాక దరఖాస్తుకు 60 రోజులే ఉంటాయి కాబట్టి, ఆహ్వానం అందిన వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోవడం మంచిది. మిగతా చాలా కేటగిరీల్లో ఇమిగ్రేషన్ వాళ్లే లేఖ పంపుతారు. ఆ లేఖ అందాక పరీక్షకు 30 రోజుల గడువు ఉంటుంది.

ఆస్ట్రేలియాకు మీ వైద్య పరీక్షను గుర్తించే హ్యాప్ ఐడీ అనే నంబర్ కావాలి. దరఖాస్తు ఇంకా పెట్టనివాళ్లు మై హెల్త్ డిక్లరేషన్స్ అనే ఆన్‌లైన్ సేవ ద్వారా ఆ నంబర్ తీసుకోవచ్చు. ఇప్పటికే పెట్టేసినవాళ్లు ఆ దారిలో వెళ్లకూడదు, తమ దరఖాస్తులో వచ్చిన నంబరే వాడాలి. న్యూజిలాండ్‌లో మెడికల్ సర్టిఫికెట్ దరఖాస్తు నాటికి మూడు నెలలకు మించి పాతది కాకూడదు.

అమెరికాలో ఉండి ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెట్టేవాళ్లు 2024 డిసెంబర్ 2 నుంచి వైద్య పరీక్ష వివరాలుండే ఐ-693 ఫారాన్ని దరఖాస్తుతో పాటే ఇవ్వాలి. డాక్టర్ దాన్ని కవర్‌లో పెట్టి సీల్ వేసి ఇస్తారు. లోపల ఏముందో చూడాలని సీల్ తీశారా, అది చెల్లదు. మీ కోసం ఒక కాపీ విడిగా ఇమ్మని అక్కడే అడగండి.

వీసా వచ్చాక ఆ దేశంలో ఎప్పటిలోగా అడుగుపెట్టాలన్న తేదీ కూడా తరచుగా ఈ మెడికల్ తేదీని బట్టే ఉంటుంది. ఉద్యోగం వదలడం, పిల్లల చదువు సంవత్సరం, ఇల్లు ఖాళీ చేయడం లాంటివన్నీ ఆ తేదీ మీద ఆధారపడతాయి. అందుకే పరీక్ష జరిగిన రోజును ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

కాగితాలు: మీ పని సగం ఇక్కడే

ఒరిజినల్ పాస్‌పోర్ట్, పరీక్ష లేఖ లేదా నంబర్, వాడుతున్న కళ్లద్దాలు, టీకాల రికార్డు, మందుల జాబితా. ఇవి అందరికీ తెలిసినవే. పాత రిపోర్టుల్లో పేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటే ముందే సరిచేయించుకోండి, లేదా రెండూ మీవేనని చూపే పత్రం వెంట ఉంచుకోండి.

దీర్ఘకాలపు జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఇంకొక కాగితం సిద్ధం చేసుకోవాలి. మీకు వైద్యం చేస్తున్న స్పెషలిస్ట్ దగ్గర నుంచి ఇటీవలి లేఖ. 'ఈ రోగి నా దగ్గర చికిత్స పొందుతున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు' అని రెండు ముక్కలు రాసిన లేఖ ఎందుకూ పనికిరాదు. అటువైపు ఫైలు చూసే మెడికల్ ఆఫీసర్‌కు ఖర్చు, ప్రమాదం అంచనా వేయడానికి వివరాలు కావాలి. షుగర్ ఉన్నవారికి పనికొచ్చే లేఖ ఇలా ఉంటుంది (అందులో హెచ్‌బీఏ1సీ అంటే గత మూడు నెలల సగటు షుగర్ కొలత):

"ఈయనకు టైప్ 2 డయాబెటిస్ 2016లో నిర్ధారణ అయింది. మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వాడుతున్నారు, ఇన్సులిన్ అవసరం రాలేదు. గత మూడు హెచ్‌బీఏ1సీ విలువలు 6.8, 6.9, 6.7. కిడ్నీ పనితీరు, కంటి రెటీనా పరీక్షలు మామూలుగా ఉన్నాయి, రిపోర్టులు జతచేశాను. ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు. రాబోయే అయిదేళ్లలో ఆపరేషన్ గానీ ఆస్పత్రిలో చేరడం గానీ అవసరమవుతుందని అనుకోవడం లేదు."

ఎప్పుడు మొదలైంది, ఏ మందు ఎంత మోతాదు, కొలతలు ఎలా ఉన్నాయి, ఇతర అవయవాలు బాగున్నాయా, ముందు ముందు ఏం అవసరం పడుతుంది. ఈ అయిదూ లేఖలో ఉండాలి. గుండెకు స్టెంట్ వేసినవాళ్లైతే డిశ్చార్జ్ సమ్మరీ, ఇటీవలి ఎకో (గుండె స్కాన్) రిపోర్టు. క్యాన్సర్ నుంచి బయటపడినవాళ్లైతే బయాప్సీ రిపోర్టు, చికిత్స ముగిసిన తేదీ, తర్వాతి చెకప్‌ల ఫలితాలు. డిప్రెషన్‌కు మందులు వాడుతున్నవాళ్లైతే ఉద్యోగం, రోజువారీ జీవితం సాఫీగా సాగుతున్నాయని సైకియాట్రిస్ట్ రాసిన మాట. లేఖ ఆ దేశం ఒప్పుకునే భాషలో లేకపోతే అధికారిక అనువాదం చేయించండి.

జబ్బు చెప్పకుండా ఉంటే తెలియదులే అన్న ఆలోచన వద్దు. రక్తం, మూత్రం, ఎక్స్‌రే, ఒంటిమీది ఆపరేషన్ గీత వాటి సంగతి అవి చెబుతాయి. కెనడాలో తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అయిదేళ్ల నిషేధం పడుతుంది. జబ్బుకు ఉన్న మినహాయింపులు, వివరణలు అబద్ధానికి లేవు.

పరీక్షకు ముందు వారం, ఆ రోజు

వేసుకునే మందులు ఆపకండి. 'మందు వేసుకుంటే తెలిసిపోతుంది' అని బీపీ మాత్ర మానేసి వెళ్తే రీడింగ్ పెరుగుతుంది, మళ్లీ పరీక్షలకు రమ్మంటారు. వాళ్లు చూడాలనుకునేది జబ్బు అదుపులో ఉందా లేదా అన్నదే.

ముందు రెండు రోజులు జిమ్‌లో భారీ కసరత్తులు వద్దు, వాటివల్ల మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే కొలత) తాత్కాలికంగా పెరగొచ్చు. నీళ్లు మామూలుగా తాగండి. నెలసరి రోజుల్లో మూత్ర పరీక్ష ఇస్తే అందులో రక్తం కనిపించి మళ్లీ రమ్మంటారు కాబట్టి, ఆడవాళ్లు ఆ రోజులు తప్పించి అపాయింట్‌మెంట్ తీసుకోవడం మేలు. పరగడుపున రావాలా అన్నది క్లినిక్‌ని అడిగి తెలుసుకోండి. జ్వరం, దగ్గుతో ఛాతీ పట్టేసి ఉంటే, గడువు ఉన్నంతలో వాయిదా వేసుకోండి. తాజా న్యుమోనియా మచ్చ ఎక్స్‌రేలో టీబీ అనుమానానికి దారితీస్తుంది. రెండు వారాలకు మించి దగ్గు, బరువు తగ్గడం, కళ్లెలో రక్తం ఉంటే మాత్రం వీసా సంగతి పక్కనపెట్టి వెంటనే మామూలు డాక్టర్‌కు చూపించుకోండి.

ఆ రోజు పని సాఫీగానే సాగుతుంది. పాస్‌పోర్ట్ చూసి ఫోటో తీస్తారు. ఎత్తు, బరువు, చూపు, బీపీ కొలుస్తారు. గుండె, ఊపిరితిత్తులు విని, పొట్ట నొక్కి చూసి, నడక గమనిస్తారు. తర్వాత పాత జబ్బులు, ఆపరేషన్లు, మందులు, మత్తు అలవాట్ల గురించి ప్రశ్నలు. తోడుగా మరొకరు గదిలో ఉండాలని కోరే హక్కు మీకుంది. ఏ పరీక్ష ఎందుకో అడగడానికి మొహమాటపడొద్దు.

వయసును బట్టి పరీక్షలు మారతాయి. కెనడాలో అయిదేళ్లు నిండితే మూత్ర పరీక్ష, 11 ఏళ్ల నుంచి ఛాతీ ఎక్స్‌రే, 15 ఏళ్ల నుంచి సిఫిలిస్, హెచ్‌ఐవీ, క్రియాటినిన్ రక్త పరీక్షలు. ఆస్ట్రేలియా పీఆర్‌కు కూడా ఎక్స్‌రే 11 నుంచి, హెచ్‌ఐవీ 15 నుంచి. టీబీ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి వచ్చే చిన్నపిల్లలకు రక్తంతో చేసే టీబీ పరీక్ష అడుగుతారు. అది పాజిటివ్ వస్తే పిల్లలకూ ఎక్స్‌రే తీస్తారు.

టీబీ: కంగారు వద్దు, ఓపిక కావాలి

ఎక్స్‌రేలో చిన్న మచ్చ కనబడిందన్న ఫోన్ వస్తే ఇంట్లో అందరి మొహాలూ వాడిపోతాయి. మచ్చ అంటే టీబీ ఉందని కాదు. చిన్నప్పుడు ఎప్పుడో వచ్చి దానంతటదే మానిపోయినది కావచ్చు, పాత న్యుమోనియా గుర్తు కావచ్చు. పాత ఎక్స్‌రే ఉంటే వెంటనే డాక్టర్‌కు ఇవ్వండి. ఏళ్ల క్రితమూ ఇదే మచ్చ ఇలాగే ఉందని చూపగలిగితే అనుమానం చాలా తగ్గుతుంది.

తర్వాతి మెట్టు కళ్లె పరీక్ష. మూడు రోజులు ఉదయాన్నే నమూనా ఇవ్వాలి. నోరు మంచినీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోతు నుంచి దగ్గి తీసిన కళ్లె కావాలి, ఉమ్మి పనికిరాదు. మైక్రోస్కోప్ కింద చూసే ఫలితం త్వరగానే వస్తుంది. కల్చర్‌కు (నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) మాత్రం ఎనిమిది వారాల దాకా పడుతుంది, ఎందుకంటే టీబీ క్రిమి చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఎవరిని బతిమాలినా ఆ సమయం తగ్గదు. ఈ లోపు జలుబుకో దగ్గుకో సొంతంగా యాంటీబయాటిక్స్ వేసుకోవద్దు. కొన్ని రకాలు టీబీ క్రిమిని తాత్కాలికంగా అణచి ఫలితాన్ని మరుగుపరుస్తాయి. ఇప్పటికే వేసుకుని ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు చెప్పండి.

ఒకవేళ టీబీ తేలినా తలుపు మూసుకుపోదు. మామూలు టీబీకి సాధారణంగా ఆరు నెలల చికిత్స ఉంటుంది. మందులు డాక్టర్ లేదా నర్సు ఎదుటే మింగాలని ఇమిగ్రేషన్ నియమాలు చాలాచోట్ల చెబుతాయి. చికిత్స ముగిసి, పరీక్షలు శుభ్రంగా వస్తే దరఖాస్తు మళ్లీ ముందుకు కదులుతుంది. గతంలో టీబీ వచ్చి తగ్గినవాళ్లు ఏ మందులు, ఎన్నాళ్లు, ఎప్పటిదాకా వాడారో రాసిన చికిత్స కార్డు తప్పక సంపాదించండి. ఆ ఒక్క కార్డు లేక నెలలు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

టీకాలు: ముఖ్యంగా అమెరికాకు

అమెరికా వలసదారులకు వయసుకు తగిన టీకాలు తప్పనిసరి. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్, ధనుర్వాతం, హెపటైటిస్ బీ, ఆటలమ్మ, పోలియో లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. కోవిడ్ టీకా నిబంధనను 2025 జనవరి 22 నుంచి తీసేశారు. చిన్ననాటి టీకా కార్డు పోయినవాళ్లు రక్త పరీక్షతో కొన్నింటికి రోగనిరోధక శక్తి ఉందని చూపొచ్చు. అది నెగెటివ్ వస్తే టీకా వేయించుకోవాలి. పలు డోసుల టీకాలన్నీ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, వయసుకు తగిన ఒక్కో డోసు పడితే దరఖాస్తుకు సరిపోతుంది.

ఎంఎంఆర్ లాంటి సజీవ టీకా టీబీ పరీక్ష ఫలితాన్ని తాత్కాలికంగా తారుమారు చేయగలదు. అందుకే రెండూ ఒకే రోజు చేయించుకోవాలి, లేదా టీకా తర్వాత నాలుగు వారాలు ఆగాలి. గర్భిణులకు ఎంఎంఆర్, ఆటలమ్మ టీకాలు వేయరు. ఆ విషయం డాక్టర్ ఫారంలో రాస్తారు, దానికి మీ దరఖాస్తు ఆగదు.

కుటుంబం

కెనడాకు మీతో రాని భార్య లేదా భర్త, పిల్లలు కూడా పరీక్షకు వెళ్లాల్సిందే. 'వాళ్లు ఇప్పుడు రావట్లేదు కదా' అని వదిలేస్తే, తర్వాత వాళ్లను కుటుంబ స్పాన్సర్‌షిప్ కింద తెచ్చుకునే దారి మూసుకుపోయే ప్రమాదం ఉంది. విడాకుల తర్వాత పిల్లలు ఇంకొకరి దగ్గర ఉన్నప్పుడు ఇది ఎంత కష్టమో తెలుసు, అయినా ప్రయత్నించండి. కుదరకపోతే మీరు చేసిన ప్రయత్నాలన్నీ రాతపూర్వకంగా అధికారులకు చూపండి. ఆస్ట్రేలియా పీఆర్ వీసాల్లో కుటుంబంలో ఒకరు ఆరోగ్య నియమం దాటలేకపోతే సాధారణంగా అందరి దరఖాస్తూ తిరస్కరిస్తారు.

గర్భం ఉంటే ఎక్స్‌రే గురించి ముందే చెప్పండి. ప్రసవం అయ్యేదాకా వాయిదా వేసుకునే వీలు ఉంటుంది, అయితే అప్పటిదాకా ఫైలు తేలదు. పుట్టిన బిడ్డను దరఖాస్తులో చేర్చి బిడ్డకూ పరీక్ష చేయించాలి.

పరీక్ష అయ్యాక

క్లినిక్ ఇచ్చిన రసీదు, ఈమెడికల్ కాగితం స్కాన్ చేసి దాచుకోండి. అదనపు పరీక్ష అడిగితే భయపడొద్దు, అడిగిన గడువులోగా చేయించుకోండి. ఆలస్యం తప్పదంటే గడువు తీరకముందే కారణం రాసి అదనపు సమయం కోరండి.

ఖర్చు ఎక్కువవుతుందన్న అనుమానంతో కెనడా నుంచి వివరణ కోరుతూ లేఖ వస్తే అది తిరస్కరణ కాదు, మీ మాట చెప్పుకునే అవకాశం. వాళ్లు వేసిన అంచనాను స్పెషలిస్ట్‌కు చూపించండి. ఈ మందుకు చవకైన ప్రత్యామ్నాయం ఉందా, లెక్కలో చేర్చిన సేవ నిజంగా అవసరమా అన్న ప్రశ్నలకు ఆయన సమాధానం రాతలో ఉండాలి. ప్రభుత్వం మీద భారం ఎలా తగ్గుతుందో చెప్పే ప్రణాళిక జతచేయవచ్చు. ఈ దశలో మాత్రం ఇమిగ్రేషన్ లాయర్ సాయం తీసుకోవడం డబ్బు దండగ కాదు. భర్త, భార్య, పిల్లల్ని స్పాన్సర్ చేసే కేసుల్లో, శరణార్థుల విషయంలో కెనడా ఈ ఖర్చు నియమాన్ని వర్తింపజేయదు. ఆస్ట్రేలియాలో కొన్ని వీసాలకు మినహాయింపు కోరే వీలుంది, 189 లాంటి స్కిల్డ్ వీసాలకు లేదు. జబ్బు పెద్దదైతే, వీసా రకం ఎంచుకునేటప్పుడే ఈ తేడా చూసుకోవాలి.

పాత టీబీ మచ్చ లాంటివి ఉన్నవాళ్లకు వీసాతో పాటు ఒక షరతు కూడా వస్తుంది: అక్కడికి చేరాక చెప్పిన గడువులోగా ఆరోగ్య శాఖను సంప్రదించాలి. ఆస్ట్రేలియాలో అది 28 రోజులు. ఇల్లు వెతుక్కోవడం, బ్యాంక్ ఖాతా తెరవడం హడావిడిలో ఇది మరుగున పడిపోతుంది. ఆ లేఖ, చికిత్స కార్డు, ఎక్స్‌రే సీడీ చెక్-ఇన్ సామాన్లలో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి. దిగిన వారంలోనే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి.